వృత్తలేఖిని – తలకట్టు

పాఠ్యభాగ సందర్భం

ప్రతిదినం వందల అక్షరాలు మన కంటబడుతున్నా వాటి ఆకారాన్ని గమనించే అలవాటు మనకు తక్కువ. అంగడి పలకలపై, బస్సుల నొసళ్లపై, గోడపత్రాలపై కనిపించే పెద్ద అక్షరాలను ఎవరో ఒకరు ఆలోచించి తీర్చారనీ, ఆ తీర్పునకు కొన్ని నియమాలున్నాయనీ తెలిపే వ్యాసమిది. జ్యామితీయ రూపాల ఆధారంగా పెద్ద అక్షరాలను రూపొందించే పద్ధతి తెలుగులిపికి ఎంతవరకు నప్పుతుందో పల్నాటి ఊళ్ల పేర్లను ఉదాహరణలుగా తీసుకొని ఇందులో చర్చించడం జరిగింది.

పాఠ్యభాగం

అచ్చుపనిలో అక్షరానికి రెండు కొలువులున్నాయి. పుస్తకపు పుటల నిండా పరచుకొని, పాఠకుని చూపును ఎక్కడా ఆటంకపరచక, వాక్యం వెంట నడిపించడం మొదటిది. దూరాన ఉన్నవాని దృష్టిని పిలిచి, రెండు మూడు మాటలలోనే సంగతి తెలియజేయడం రెండవది. మొదటి పనికి వాడేవాటిని పాఠ్యాక్షరాలనీ, రెండవ పనికి వాడేవాటిని ప్రదర్శనాక్షరాలనీ ఈ వ్యాసంలో వ్యవహరిద్దాం. వార్తాపత్రికలోని పతాకశీర్షిక, సినిమా గోడపత్రం, శుభలేఖ పైభాగం, దుకాణం పేరుపలక, మిరప బస్తాపై వేసే ముద్ర, బస్సు ముందరి బోర్డు - ఇవన్నీ ప్రదర్శనాక్షరాల రాజ్యం. ఒకే పోలికతో, ఒకే నియమంతో తీర్చిన అక్షరాల కుటుంబాన్ని నేడు వాడుకలో ఫాంటు అంటున్నాం.

పాఠ్యాక్షరాన్ని తీర్చేవాడు తన ఉనికిని దాచుకోవాలి. ప్రదర్శనాక్షరాన్ని తీర్చేవానికి కొంత స్వేచ్ఛ ఉంటుంది. అతడు లావు పెంచవచ్చు, వంపు మార్చవచ్చు, ఆకారంలో ఒక వింత చూపవచ్చు. ఆ స్వేచ్ఛకు హద్దు ఎక్కడ అన్నదే అసలు ప్రశ్న.

ప్రదర్శనాక్షరాలలో ఒక తెగ జ్యామితిని ఆశ్రయించింది. కలం ఒత్తిడి వల్ల గీతలో కలిగే సన్నం, లావు అనే భేదాలను తొలగించి, వృత్తం, చతురస్రం, త్రిభుజం, సరళరేఖ అనే మూలరూపాలతోనే అక్షరాలన్నింటినీ నిర్మించాలన్నది ఈ తెగ సంకల్పం. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత ఐరోపాలో పాత అలంకారాలపై విముఖత ప్రబలింది. భవనం, కుర్చీ, దీపం, అక్షరం - ఏదైనా యంత్రయుగానికి తగినట్లు నిరాడంబరంగా ఉండాలని కళాకారులు భావించారు. జర్మనీలోని బౌహౌస్ కళాశాలకు చెందిన హెర్బర్ట్ బేయర్ 1925లో పెద్దబడి అక్షరాలను పూర్తిగా విసర్జించి, కొన్ని వృత్తఖండాలతో, సరళరేఖలతో ఒక వర్ణమాలను కూర్చాడు. 1927లో పాల్ రెన్నర్ రూపొందించిన 'ఫ్యూచురా' అనే అక్షరాలను ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలోని బాయర్ సంస్థ పోతపోసి విడుదల చేసింది. ఫ్యూచురా అంటే భవిష్యత్తుకు చెందినదని భావం. 1969లో అపోలో-11 వ్యోమగాములు చంద్రునిపై విడిచి వచ్చిన లోహఫలకం మీది మాటలు ఈ అక్షరాలలోనే ఉన్నాయి. పేరు పెట్టినవాని ఊహ ఆ విధంగా భూమిని దాటి ఫలించింది.

అయితే ఈ సంకల్పం చెప్పినంత సులభంగా నెరవేరేది కాదు. ఒక కాగితంపై ఒకే ఎత్తు గల చతురస్రాన్నీ వృత్తాన్నీ పక్కపక్కన గీసి చూడండి. కొలతకు రెండూ సమానమే. కంటికి మాత్రం వృత్తం చిన్నదిగా తోస్తుంది. చతురస్రం పైగీతను తన వెడల్పంతటితో తాకుతుండగా, వృత్తం ఒక్క బిందువు వద్దనే తాకడం ఇందుకు కారణం. అందువల్ల గుండ్రని అక్షరాన్ని పైకీ కిందికీ వెంట్రుకవాసి పెంచవలసి ఉంటుంది. అట్లే, సమానమైన మందం గల రెండు గీతలలో అడ్డగీత నిలువుగీత కన్నా లావుగా కనిపిస్తుంది. కనుక అడ్డగీతను కొంత పలుచన చేయాలి. రెండు గీతలు కలిసే చోట నలుపు ముద్దకడుతుంది. అక్కడ కొంత లోపలికి తరిగివేయాలి. రెన్నర్ అక్షరాలను పెద్దవి చేసి పరిశీలిస్తే ఇటువంటి సవరణలన్నీ కనిపిస్తాయి. ఆయన మొదట గీసిన చిన్నబడి అక్షరాలలో కొన్ని కేవలం కడ్డీలుగా, చుక్కలుగా, చదరాలుగా ఉండి చదువరులకు కొరుకుడుపడనందున క్రమంగా వాడుక నుంచి తొలగిపోయాయి. మిగిలినవి వృత్తలేఖినితో గీసినట్లే కనిపిస్తాయి కాని, అట్లా కనిపించడానికే రూపకర్త వృత్తలేఖినిని పక్కనపెట్టి కంటిని నమ్ముకోవలసి వచ్చింది.

జ్యామితీయాక్షరం పడమటి దేశాల నుంచి వచ్చిన కొత్త వింత అని మనం భావిస్తే అది పొరపాటు. మన లిపులన్నింటికీ మూలమైన బ్రాహ్మి అశోకుని కాలంలో ఎట్లా ఉండేదో చూడండి. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై నేటికీ నిలిచి ఉన్న ఆ లిపిలో కకారం కూడిక గుర్తు. గకారం తలకిందులైన కోణం. టకారం అర్ధవృత్తం. ఠకారం పూర్ణవృత్తం; దాని నడుమ చుక్క పెడితే థకారం. బకారం చతురస్రం. ఏకారం త్రిభుజం. వృత్తంపై ఒక కడ్డీ నిలిపితే వకారం, కడ్డీకి బదులు పైకి తెరచుకొన్న అర్ధవృత్తం పెడితే మకారం. రకారం ఒంటరి నిలువుగీత. బౌహౌస్ విద్యార్థి చేతికి ఈ పట్టిక ఇచ్చి ఉంటే అది తమ కళాశాలలో తయారైనదేనని నమ్మేవాడేమో!

ఆ నిరాడంబరతను మన శిల్పులు ఎంతకాలం పాటించారో తెలియాలంటే పల్నాటికి రావాలి. మాచర్లకు సమీపాన కృష్ణాతీరంలో ఉన్న నాగార్జునకొండ, క్రీస్తుశకం మూడవ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురికి నెలవు. అక్కడ 1927లో లాంగ్‌హర్స్ట్ ఆధ్వర్యంలో తవ్వకాలు ప్రారంభమయ్యాయి. అలంకారం లేని అక్షరాలు జర్మనీలో వెలువడిన సంవత్సరమే, అలంకారం పరాకాష్ఠనందిన అక్షరాలు పల్నాటి మట్టిలో నుంచి వెలికి రాసాగడం కేవలం కాకతాళీయమే అయినా తలచుకోదగినది. మహాచైత్యం వద్ద నిలిపిన ఆయక స్తంభాలపై వీరపురుషదత్తుని కాలపు ప్రాకృత శాసనాలున్నాయి. వాటిలో నిలువుగీతలు కిందికి చాచుకొని కొసన వంపు తిరుగుతాయి. ఇకార చిహ్నాలు తీగెలవలె పైకి లేచి వాలుతాయి. వరుసకూ వరుసకూ మధ్య ఉన్న చోటంతా ఈ తీగెలే ఆక్రమిస్తాయి. దానం చేసిన రాజవంశపు స్త్రీల పేర్లు భక్తులు నిలిచి చూడాలన్నది ఆ శిల్పి ఉద్దేశం కాబోలు. అంటే అవి కూడా ప్రదర్శనాక్షరాలే. నాగార్జునసాగర్ జలాశయం ఆ లోయను ముంచివేయకముందే శిల్పసంపదను ద్వీపంపై గల ప్రదర్శనశాలకు తరలించారు. పడవలో వెళ్లి చూసేవారు బౌద్ధశిల్పాల వద్ద నిలిచినంత సేపు ఈ అక్షరాల వద్ద నిలవరు. అది మన దురదృష్టం.

శాసనాల నుంచి తాళపత్రాలకు వచ్చేసరికి అక్షరం మరొక దారి పట్టింది. గంటంతో ఆకుపై సూటిగా గీతలు గీస్తే ఈనెల వెంబడి ఆకు చీలుతుంది కనుక లిపి గుండ్రదనాన్ని సంతరించుకొన్నదని పలువురు పండితుల అభిప్రాయం. మన రకారపు ప్రయాణం ఇందుకు చక్కని ఉదాహరణ. అశోకుని నాటి నిలువుగీత అడుగున చిన్న కొక్కెం తిరిగింది. ఆ కొక్కెం క్రమంగా పైకి పెరిగి, మొదటి గీతకు జంటగీతయై, చివరకు దానిని కలుసుకొని మూసుకొన్నది. మూసుకొన్న రూపం వట్రువయై నేటి 'ర' ఏర్పడింది. శాసనాక్షరాల తలపై ఉలి ఆనిన చోట ఏర్పడే చిన్న మందపాటి గుర్తు ఈ కాలంలోనే పెరిగి, విడివడి, తలకట్టుగా స్థిరపడింది.

ఇక్కడ మనం కొంచెం నిలవాలి. రోమన్ అక్షరాల కొసలకు కూడా ఇటువంటి చిన్న గుర్తులుంటాయి. జ్యామితీయాక్షరాలను తీర్చిన జర్మన్లు మొదట చేసిన పని ఆ గుర్తులను తీసివేయడమే. వారు తీసివేసినందువల్ల అక్షరానికి ఏ హానీ కలగలేదు. అవి అక్కడ అలంకారాలు మాత్రమే. ఆ పద్ధతిని చూసి ముచ్చటపడిన మన రూపకర్త తలకట్టును కూడా అలంకారంగానే భావించి తొలగిస్తే ఏమవుతుంది? మన బడులలో తలకట్టును అకారానికి గుర్తుగా నేర్పుతారు. కకారానికి గుడి కట్టినా, ఏత్వం పెట్టినా తలకట్టు తొలగిపోయి ఆ స్థానంలో అచ్చు చిహ్నం నిలుస్తుంది. అంటే అది భాషలో ఒక పని చేస్తున్న అవయవం. దానిని తొలగించడం టోపీ తీయడం వంటిది కాదు.

'గురజాల' అనే పేరును తీసుకొందాం. వృత్తాల నియమంతో రకారాన్ని చక్కని వలయంగా తీర్చి, తలకట్టు తీసివేయండి. మిగిలేది సున్న. గురజాల 'గుంజాల' అవుతుంది. నరసరావుపేట మొదట్లోనే 'నంస' అని తడబడుతుంది. ఊళ్ల పేర్లు తెలిసినవారు కాబట్టి పల్నాటివారు ఊహించుకొని బస్సెక్కుతారు. ఊహకు అవకాశం లేని చోట ఏమి చేయాలి? 'వరద' అన్న మాటలో రకారం తల కోల్పోతే అది 'వంద' అవుతుంది. 'మరచు' అన్నది 'మంచు' అవుతుంది. కృష్ణ ఒడ్డున ఉన్న ఊరిలో హెచ్చరిక పలకపై ఇటువంటి అందం మనకు అక్కరలేదు. చదువు బాగా వచ్చినవాడు మాటను మొత్తంగా ఒక్కసారి చూసి గ్రహిస్తాడు; అక్షరంలోని లోపాన్ని అతని అనుభవం పూరిస్తుంది. వయోజన పాఠశాలలో నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చి, ఒక్కొక్కదానినే కూడబలుక్కొనే వృద్ధురాలికి ఆ ఆసరా లేదు. పెద్ద అక్షరం ఎవరి కోసమో వారికే అది ద్రోహం చేసినట్లవుతుంది.

తలకట్టు విషయంలో మరొక చిక్కు కూడా ఉంది. అన్ని అక్షరాలకూ అది లేదు. ఖ, జ, ట, ణ, బ, ల వంటి హల్లులకు తలకట్టు ఉండదు. 'గురజాల'లో గకార రకారాల తలలపై గుర్తు ఉండగా, చివరి 'ల' బోడితలతో నిలుస్తుంది. సమరూపత కోరే జ్యామితికి ఈ ఎగుడుదిగుడు నచ్చదు. అయితే అందరికీ తీయాలి, లేదా అందరికీ పెట్టాలి అనిపిస్తుంది. అందరికీ పెట్టడం కూడా తగదు. బకారానికి తలకట్టు పెడితే అది భకారం కాబోయి సగం దారిలో ఆగినట్లుంటుంది. తలకట్టు లేని అక్షరాల పైకొసను కొంచెం ఎత్తి, ఉన్నవాటి తలకట్టును కొంచెం దించి, వరుస పైభాగంలో నలుపును సమంగా పంచడమే నేర్పరి చేసే పని. ఇందులో ఏ సూత్రమూ పూర్తిగా సాయపడదు. గీయాలి, గోడకు ఆనించి దూరం నుంచి చూడాలి, మరల గీయాలి.

నరసరావుపేట అనే పేరు ఇంకొక పరీక్ష పెడుతుంది. అందులోని 'వు' అనే అక్షరాన్ని చూడండి. దానికీ మకారానికీ ఆకారంలో ఎంతో పోలిక. కొమ్ము ఎక్కడ పుట్టి ఎంత ఎత్తుకు లేస్తుందన్న దానిలోనే భేదమంతా ఉంది. ఒకే వృత్తఖండాన్ని అచ్చుదిమ్మెవలె పదేపదే వాడి పని ముగించాలని రూపకర్త త్వరపడితే ఆ రెండూ ఒకటైపోయి 'నరసరామపేట' సిద్ధమవుతుంది. వకార మకారాలు అశోకుని కాలంలోనే ఒకే వృత్తంపై నిలిచిన అక్షరాలు. రెండువేల ఏళ్లు గడచినా వాటి దగ్గరితనం తగ్గలేదు. ఈ పేరుకు పొడవు మరొక సమస్య. ఏడక్షరాలు, ఒక్క వత్తు కూడా లేదు. అడ్డంగా చోటు కావాలి గాని, కిందికి అవసరం లేదు.

మాచర్ల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధం. మూడే అక్షరాలు. కాని చివరి అక్షరం కింద లకారపు వత్తు వేలాడుతుంది. పక్కనే ఉన్న పిడుగురాళ్ల, సత్తెనపల్లి కూడా ఇటువంటివే. రోమన్ పెద్దబడి అక్షరాలు రెండు సమాంతర రేఖల మధ్య ఇటుకల వరుసవలె ఒదుగుతాయి. తెలుగు మాటకు కనీసం మూడు అంతస్తులు కావాలి. తలకట్టు, గుడి, ఏత్వం వంటివి పై అంతస్తులో ఉంటాయి. అక్షరపు కడుపు నడిమి అంతస్తులో, వత్తులు అడుగు అంతస్తులో ఉంటాయి. పలక ఎత్తు మారకుండా అక్షరం పెద్దదిగా కనిపించాలంటే నడిమి అంతస్తును పెంచి మిగిలిన రెంటినీ కుదించాలి. వత్తును మరీ కుదిస్తే అది చీమ కాలువలె కనిపిస్తుంది. కుదించకపోతే కింది వరుసలోని గుడులను పొడుస్తుంది. మంచి ప్రదర్శనాక్షరాలలో వత్తు గీత ప్రధానాక్షరపు గీత కంటె సన్నగా ఉన్నా ఒకే మందంగా ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. ఆ భ్రమ కల్పించడానికే రూపకర్తకు నెలలు పడుతుంది.

లావు అక్షరాలకు మరో ఆపద ఉంది. గీత లావెక్కిన కొద్దీ అక్షరంలోని ఖాళీ తగ్గుతుంది. రకారం కడుపు తగ్గినా చదవగలం. ఠకారం, థకారం కడుపులో చుక్క ఉంది. ఆ చుక్క చుట్టూ తెల్లదనం మిగలకపోతే 'కథ' కాస్తా 'కధ' అవుతుంది. అసలే ఈ రెంటినీ తారుమారు చేసి రాసే అలవాటు మనవారిలో చాలామందికి ఉంది. ఫాంటు కూడా తోడైతే ఇక చెప్పవలసినదేముంది! ద, ధ భేదమూ ఇంతే. కింద ఉన్న చిన్న నిలువుగీత లావు గీతల మధ్య కలిసిపోతే విధి 'విది'గా మారుతుంది. అందుచేతనే లావు ఫాంటును పరీక్షించేటప్పుడు అమ్మ, అరటి వంటి మాటలు రాసి సంతృప్తి పడరాదు. రథం, మఠం, ధర్మపీఠం వంటి మాటలు రాసి చూడాలి.

ఫాంట్లు రాకముందు ఈ సమస్యలను ఊరి చిత్రకారులు తమ చేతితో పరిష్కరించుకొనేవారు. సుద్ద పూసిన దారాన్ని గోడపై బిగించి లాగి వదిలితే సరళరేఖ పడేది. మేకుకు దారం కట్టి తిప్పితే వృత్తం వచ్చేది. ఆ కొలతలన్నీ పునాది మాత్రమే. కుంచె చేతబట్టిన తరువాత ఆ గీతలను దాటవలసిన చోట వారు దాటేవారు. 'మాచర్ల' రాసేటప్పుడు వత్తుకు చోటు చాలదని తోస్తే రకారాన్ని కొంచెం పైకి జరిపేవారు. ఒకే పలకపై రెండు రకారాలుంటే రెండూ అచ్చుగుద్దినట్లుండవు. పక్కనున్న అక్షరాన్ని బట్టి ప్రతిదీ సర్దుకొని ఉంటుంది. ఫాంటులో ఆ సర్దుబాటు లేదు. ఒకసారి తీర్చిన రకారం ఏ మాటలోనైనా అట్లే దిగుతుంది. కాబట్టి చిత్రకారుడు పలక దగ్గర చేసే ఆలోచననంతటినీ ఫాంటు రూపకర్త ముందే చేసి ఉండాలి. గుణింతాలు, వత్తులు, వాటి కలయికలు చేర్చితే తెలుగు ఫాంటుకు కొన్ని వందల ఆకృతులు కావాలి. ఇరవయ్యారు అక్షరాల రోమన్ లిపికి ఫాంటు చేయడంతో దీనిని పోల్చలేం.

ఈ శ్రమకు జంకి చాలాకాలం తెలుగులో ప్రదర్శనాక్షరాలకు కరవే ఉండేది. కంప్యూటరు అచ్చు వచ్చిన కొత్తలో అను, శ్రీలిపి వంటి వాణిజ్య ఫాంట్లతోనే శుభలేఖలు, కరపత్రాలు వెలువడేవి. తరువాత యూనికోడ్ వ్యాపించడంతో పరిస్థితి మారింది. కాలిఫోర్నియాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర ద్వారా 2013లో పలు ఫాంట్లు ఉచితంగా లభించాయి. వాటిలో పురుషోత్ కుమార్ గుత్తుల రూపొందించిన 'రామభద్ర' శీర్షికలకూ గోడపత్రాలకూ ఉద్దేశించిన దిట్టమైన అక్షరం. అష్టదిగ్గజాలలో ఒకడుగా చెప్పబడే అయ్యలరాజు రామభద్రుని పేరు దానికి పెట్టారు. ముంబయికి చెందిన ఏక్‌టైప్ బృందం తీర్చిన 'బలూ తమ్ముడు' మరొకటి. గుండ్రని బొద్దు అక్షరాలకు ఎలుగుబంటి పేరు పెట్టి, తెలుగు లిపికి గుర్తుగా తమ్ముణ్ణి చేర్చారు. దాని గుండ్రదనం వృత్తలేఖిని నుంచి పుట్టలేదు, మెత్తని కుంచె నుంచి పుట్టినట్లుంటుంది. అహమదాబాదులోని ఇండియన్ టైప్ ఫౌండ్రీ తన 'హింద్' కుటుంబంలోని తెలుగు ఫాంటుకు 'హింద్ గుంటూర్' అని పేరు పెట్టింది. 2022లో కొత్త జిల్లా ఏర్పడేవరకు పల్నాడంతా గుంటూరు జిల్లాలోనిదే కనుక ఆ పేరులో మనకూ భాగం ఉందనుకోవచ్చు. దాని గీతలు చూపునకు ఒకే మందంగా ఉంటాయి. కొసలు చదరంగా ముగుస్తాయి. అయినా అక్షరాల పోకడ చేతిరాతనే గుర్తుకు తెస్తుంది. నిజానికి అది ప్రదర్శన కోసం పుట్టినది కాదు. కాని పలక మీద పెట్టి చూస్తే, కేవలం జ్యామితినే నమ్ముకొన్న కొన్ని ఫాంట్ల కన్నా మేలుగా చదువుకోవచ్చునని నా అభిప్రాయం.

మంచి ఫాంటు దొరికినంత మాత్రాన పని ముగియదు. వాడేవాని చేతిలో అది చెడిపోవడానికి ఎన్నో మార్గాలున్నాయి. మన ఫ్లెక్సీలలో తరచుగా కనిపించేది సాగదీత. చోటు మిగిలితే మాటను అడ్డంగా లాగుతారు; చాలకపోతే నొక్కుతారు. జ్యామితీయాక్షరం ఈ శిక్షను అసలు భరించలేదు. అడ్డంగా లాగగానే వృత్తం కోడిగుడ్డవుతుంది. నిలువుగీతలు లావెక్కుతాయి, అడ్డగీతలు మాత్రం ఉన్నట్లే ఉంటాయి. రూపకర్త వెంట్రుకవాసిగా చేసిన సవరణలన్నీ క్షణంలో గాలికి పోతాయి. 'నరసరావుపేట' పట్టకపోతే అక్షరాల పరిమాణం తగ్గించాలి, లేదా సన్నని వెడల్పుతో తీర్చిన వేరొక ఫాంటు వాడాలి. అంతేగాని నొక్కకూడదు.

రెండవ దోషం, ప్రదర్శనాక్షరాలతో పేరాలు కూర్చడం. ఒకే వృత్తం నుంచి పుట్టిన అక్షరాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి. రెండు మాటలలో ఆ పోలిక అందంగా ఉంటుంది; ఇరవై వరుసలలో అది గులకరాళ్ల కుప్పను తలపిస్తుంది. కన్ను పట్టుకోవడానికి కొస దొరకదు. శుభలేఖలో వధూవరుల పేర్లకు వాడిన ఫాంటునే ముహూర్తం, విడిది వివరాలకు కూడా వాడితే చుట్టాలు ఊరు తప్పిపోగలరు. మూడవది, అక్షరాల నడుమ ఎడం. గుండ్రని అక్షరాలు రెండు పక్కపక్కన వస్తే వాటి మధ్య పైనా కిందా సహజంగానే ఖాళీ ఏర్పడుతుంది కనుక వాటిని దగ్గరగా జరపాలి. నిలువు కొసలున్నవి పక్కపక్కన వస్తే కొంచెం ఎడం ఇవ్వాలి. మాట అంతటా ఒకే కొలత పెడితే ఎడాలు సమంగా ఉండి కూడా సమంగా కనిపించవు. ఇది మనం ఇంతకుముందు వృత్తం, చతురస్రం విషయంలో గమనించిన న్యాయమే.

ఇటీవల కొన్ని బస్సులకు రంగు పలకల స్థానంలో చిన్న దీపాల బోర్డులు వచ్చాయి. వీటిలో అక్షరం దీపపు చుక్కల గళ్లలోనే ఒదగాలి. వృత్తం కూడా మెట్లు మెట్లుగా చతురస్రాలతోనే రావాలి. జ్యామితి ఇంతకన్నా కఠినంగా ఉండబోదు. బోర్డుకు పదహారు చుక్కల ఎత్తు ఉన్నదనుకోండి. మాచర్ల వత్తుకు అడుగున నాలుగు చుక్కలు విడవాలి. తలకట్టుకు పైన మూడు కావాలి. నడుమ మిగిలే తొమ్మిదింటిలోనే రకారపు వలయం తిరగాలి. ఆ మూడు చుక్కలను కూడా కలుపుకొంటే వలయం పన్నెండు చుక్కల ఎత్తుకు పెరిగి దూరానికి ఇంకా బాగా కనిపిస్తుంది కదా అన్న ఆశ బోర్డు తయారుచేసేవానికి కలగడం సహజం. అతడు ఆ ఆశకు లోబడితే, కోటప్పకొండ తిరునాళ్ల రద్దీలో, సందెచీకటిలో, బస్టాండు చివరన నిలబడి కళ్లు చికిలించి చూసే ముసలవ్వకు వెలుగుతున్న సున్నలు కనిపిస్తాయి. మూడు చుక్కలు విడిచిపెడితే గురజాల కనిపిస్తుంది.

అభ్యాసం

1. పాఠ్యాక్షరాలకూ ప్రదర్శనాక్షరాలకూ గల భేదాన్ని మీ ఊరిలో కనిపించే ఉదాహరణలతో వివరించండి.

2. రోమన్ అక్షరాల కొసలలోని గుర్తులను తొలగించడానికీ, తెలుగు అక్షరాల తలకట్టును తొలగించడానికీ గల తేడా ఏమిటి?

3. నాగార్జునకొండ శాసనాక్షరాలను ప్రదర్శనాక్షరాలుగా రచయిత ఎందుకు భావించారు? ఆ అభిప్రాయంతో మీరు ఏకీభవిస్తారా?

4. గళ్ల కాగితంపై 'ర', 'ఠ', 'థ', 'మ', 'వు' అనే అక్షరాలను వృత్తలేఖిని సాయంతో గీయండి. కాగితాన్ని పది అడుగుల దూరంలో ఉంచి, ఏ అక్షరం దేనిగా పొరబడే అవకాశముందో తోటి విద్యార్థుల చేత చదివించి తెలుసుకోండి.